ఆడి గాలిలో అయిదు రోజులు

రామేశ్వరం వెళ్ళొచ్చామని చెప్పగానే మనవాళ్ళెవరైనా మొదట అడిగేది ఒకటే: "ఇరవై రెండు తీర్థాలూ ఆడారా?" ఆడాం. కానీ అది చివరిరోజు పొద్దున్న, అదీ మా అత్తగారి పోరు పడలేక. మేం అసలు వెళ్ళింది మా అమ్మాయి గాలిపటం ఎగరెయ్యడం నేర్చుకుంటుంటే చూడడానికి. ఈ మాట అన్నప్పుడల్లా ఎదుటివాళ్ళు నన్ను ఓసారి తేరిపార చూస్తున్నారు. ఇరవై తొమ్మిదేళ్ళు నిండబోతున్న పిల్ల, బెంగుళూరులో ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల, గాలిపటం కోసం ఆడి మాసంలో రామేశ్వరం వెళ్ళడమేమిటని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక, మన పత్రికలో రాస్తే అందరికీ ఒకేసారి చెప్పినట్టవుతుందని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఈ ఆటను కైట్ సర్ఫింగ్ అంటారు. కాళ్ళ కింద పొడవాటి పీటలాంటి పలక ఒకటి. నడుముకు గట్టి పటకా, దానికి ముందువైపు ఒక కొక్కెం. ఆ కొక్కేనికి తగిలించిన కడ్డీ నుంచి నాలుగు తాళ్ళు బయల్దేరి, ఇరవై నాలుగు మీటర్లు పైకి పోయి గాలిపటాన్ని పట్టుకుంటాయి. గాలిపటమంటే సంక్రాంతికి మనం అన్నం మెతుకులతో అంటించుకునే కాగితం కాదు. తొమ్మిది, పన్నెండు చదరపు మీటర్ల గుడ్డ. అంటే మన ఇళ్ళలో చిన్న పడగ్గది నేలంత. దాని ముందంచు పొడుగునా సైకిలు ట్యూబులాంటి గొట్టం ఉంటుంది. పంపుతో అందులోకి గాలి కొడతారు. ఆ గొట్టం ఉండబట్టే గాలిపటం నీళ్ళలో పడినా మునగదు, తాళ్ళు లాగి మళ్ళీ పైకి లేపొచ్చు. ఈ కిటుకు కనిపెట్టింది ఫ్రాన్సులో బ్రిటనీ తీరంలోని ఇద్దరు అన్నదమ్ములు, బ్రూనో, డొమినిక్ లెగెన్యూ అని. 1984లోనే పేటెంటు తీసుకున్నారు గాని, ఆ ఆట జనంలోకి వచ్చింది 1990ల చివర, హవాయి దీవుల్లో. 2024 పారిస్ ఒలింపిక్సులో మొదటిసారి దీన్నీ ఒక పోటీగా పెట్టారు. తెరచాప పడవల పందేలన్నీ మార్సెయ్ రేవులో జరిగాయి కదా, అక్కడే ఇదీ. ఆడవాళ్ళలో బ్రిటన్ అమ్మాయి ఎల్లీ ఆల్డ్రిడ్జ్ బంగారు పతకం గెలిచింది. మా అమ్మాయి అది టీవీలో చూసింది. అక్కడ పడింది విత్తనం.

"అమ్మా, ఇది మన రామేశ్వరంలోనే నేర్పుతారట," అని ఫోను చేసింది. "మీరూ రండి. నాన్న, అవ్వ, అందరం వెళదాం. ఒడ్డున హోటలుంది."

మావారు వెంటనే సరే అన్నారు. ఆయనకు కూతురు ఏది చెప్పినా వెంటనే సరే. మా అత్తగారికి ఎనభై ఒకటి. రామేశ్వరం అన్న మాట ఒక్కటే విని, మిగతాది వినకుండానే మూట సర్దడం మొదలుపెట్టింది. మామగారు పోయాక అగ్నితీర్థంలో మునిగి ఆయనకు నీళ్ళు వదలాలని ఆవిడ ఎన్నాళ్ళుగానో అనుకుంటోంది. తర్వాత తీరిగ్గా సంగతంతా చెబితే, "గాలిపటానికి మనిషిని కట్టేదేమి? అదేం ఆట?" అంది. నేను ఏమీ అనలేదు. నాకు అనడానికి నోరు రాలేదు.

ఎందుకో చెప్పాలి.

నేను పుట్టి పెరిగింది యానాంలో. గౌతమి ఒడ్డు. 1996 ఆగస్టులో మా అమ్మాయి అక్కడే పుట్టింది. ఆ ఏడు దీపావళి నవంబరు 10న. మావారు పండక్కి వచ్చి మమ్మల్నిద్దర్నీ కోయంబత్తూరు తీసుకెళ్ళాలని అనుకున్నాం. నవంబరు 6, బుధవారం, పొద్దుటినుంచీ వాన, గాలి. సముద్రం పక్కన బతికేవాళ్ళకు అది కొత్తకాదు. చీకటి పడ్డాక గాలి గొంతు మారింది. ఈల పోయి రంకె వచ్చింది. పెంకులు ఒక్కొక్కటీ కాదు, వరసలు వరసలుగా లేచిపోయాయి. డాబా వేసిన గది ఒక్కటే ఉంది మాకు. అందులో పదిహేడుమందిమి చేరాం. తలుపు ఆగక, సన్నికల్లు దొర్లించుకొచ్చి అడ్డం పెట్టారు. ఆ సన్నికల్లు కూడా జరిగింది. మా చిన్నాన్న గొడ్లసావిట్లో కట్టేసిన గేదెల పలుపులు విప్పి వస్తానని లాంతరు పట్టుకుని వెళ్ళాడు. తెల్లారాక గేదెలు మూడూ బతికే కనిపించాయి. ఆయన మాత్రం రెండోరోజు దొరికాడు. కోనసీమలో, మా చుట్టుపక్కల ఊళ్ళలో ఆ రాత్రి పోయినవాళ్ళు వెయ్యిమందికి పైమాటే. కొబ్బరిచెట్లు దువ్వెనతో దువ్వినట్టు అన్నీ ఒకే వైపు పడుకున్నాయి.

ఆ రాత్రంతా మూడునెలల పిల్లను గుండెకు హత్తుకునే ఉన్నాను. పొద్దున్న మా అమ్మ పిల్లను అందుకోబోతే నా చేతులు విడి రాలేదు. ఒక్కొక్క వేలే విప్పి తీసుకుంది.

కోయంబత్తూరులో సముద్రం లేదు. కాపురం అక్కడ అయినందుకు నేను ఒక్కదాన్నే మనసులో ఎన్నోసార్లు దండం పెట్టుకున్నాను. అయితే గాలి ఉంది. పాలక్కాడు కనుమ సందులోంచి ఆడి నెలలో వచ్చే గాలి సంగతి అక్కడ కాపురముండే తెలుగువాళ్ళందరికీ తెలుసు. "ఆడి కాత్తుల అమ్మియుం పరక్కుం" అంటారు అరవవాళ్ళు, ఆడి గాలికి సన్నికల్లు కూడా ఎగిరిపోతుందని. అందరూ నవ్వుతూ అనే సామెత. ఆ నెలంతా నేను రాత్రుళ్ళు లేచి కిటికీ గడియలు చూసుకుంటాను. ఇప్పుడు మా అమ్మాయి ఆ గాలి కోసమే, ఆ నెలలోనే, డబ్బు కట్టి మరీ వెళదామంటోంది.

జూలై 24న ఆడి అమావాస్య, రామేశ్వరంలో ఇసుకేస్తే రాలని జనం. ఆ రద్దీ దాటాక 2025 జూలై 27 ఆదివారం మధురై నుంచి కారులో బయల్దేరాం. పాంబన్ వంతెన మీద అందరూ చేసినట్టే కారాపి కిందికి చూశాం. పక్కన 1914 నాటి పాత రైలు వంతెన, దాని పక్కన 2025 ఏప్రిల్‌లో ప్రారంభించిన కొత్త వంతెన. కొత్తదానికి మధ్యలో ఒక భాగం మొత్తం లిఫ్టులా నిట్టనిలువుగా పైకి లేస్తుంది, ఓడలు పోవడానికి. మావారు అక్కడే అరగంట ఉండేవారు. గాలికి అత్తగారి చీరకొంగు ఆవిడకంటే ముందు రామేశ్వరం చేరేటట్టుంటే కారెక్కించాం.

ఇంతకీ ఈ ఆటకు రామేశ్వరమే ఎందుకంటే, అది దేవుడు పెట్టిన ఏర్పాటు. పటంలో చూడండి. ద్వీపానికి ఉత్తరాన పాక్ జలసంధి, దక్షిణాన మన్నారు సింధుశాఖ. తూర్పుకు ధనుష్కోటి దాకా తోకలాగా సాగిన సన్నటి ఇసుకపట్టీ. ఉత్తరపు నీళ్ళను అక్కడి జాలర్లు పెణ్‌కడల్ అంటారు, ఆడ సముద్రం. దక్షిణపుదాన్ని ఆణ్‌కడల్ అంటారు, మగ సముద్రం. ఒకటి నెమ్మది, ఒకటి దూకుడు. వేసవి చివర్నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి. డిసెంబరు నుంచి మార్చి దాకా ఉత్తరం నుంచి, ఈశాన్యం నుంచి వచ్చే గాలి, దాన్ని వాడై అంటారు. గాలి ఎటునుంచి కొట్టినా ఒక పక్క నీళ్ళు అలజడిగా ఉంటే, ఇసుకపట్టీకి రెండో పక్క నీళ్ళు పళ్ళెంలో పోసినట్టుంటాయి. గాలి కావాలి, అల ఉండకూడదు. నేర్చుకునేవాళ్ళకు కావలసింది అంతే. అలాంటి చోటు దొరకడమే కష్టం.

మా హోటలు ఆడ సముద్రం ఒడ్డున. తాటాకు కప్పిన పది గదులు, ముందు కొబ్బరిచెట్లు, వాటికి కట్టిన ఊయలలు. ఏసీ లేదు, ఆ గాలిలో అవసరమూ లేదు. పొద్దున్న ఇడ్లీ, మధ్యాహ్నం చేపల పులుసు, మాకు వేరేగా సాంబారు, తాటిబెల్లం కాఫీ. దిగినవాళ్ళందరూ మాటిమాటికీ ఆకాశంకేసి, కొబ్బరాకులకేసి చూసేవాళ్ళే. ఆకు కదలకపోతే వాళ్ళ ముఖాలు వాడిపోయేవి. ఊళ్ళో పెళ్ళికి వర్షం వద్దనుకునేవాళ్ళను చూశాను గాని, పొద్దున లేస్తూనే "గాలి రావాలి, గాలి రావాలి" అనుకునేవాళ్ళను అక్కడే చూడడం. అరవై దాటిన ఫ్రెంచి ఆవిడ ఒకామె ఒంటరిగా వచ్చి ఉంది. యాభయ్యో ఏట నేర్చుకుందట. నేను "బోంజూర్ మదాం" అంటే సంతోషపడి గడగడా ఏదో మాట్లాడింది. మా తాతగారు యానాంలో ఫ్రెంచి బడిలో చదివిన మనిషి. ఆయన దగ్గర నాకు సంక్రమించింది ఆ రెండు మాటలే కాబట్టి తర్వాత తలూపి ఊరుకున్నాను.

మా అమ్మాయికి నేర్పిన కుర్రాడికి ఇరవై ఆరేళ్ళు. ఆ ద్వీపంలోనే జాలరి ఇంట్లో పుట్టాడు. తండ్రి ఇప్పటికీ వేటకు వెళతాడు. ఇతను మొదట ఆ ఆట ఆడేవాళ్ళ సామాను మొయ్యడానికి వచ్చి, చూసి చూసి నేర్చుకుని, పరీక్ష రాసి, అంతర్జాతీయ కైట్‌బోర్డింగ్ సంస్థ పట్టా తెచ్చుకున్నాడు. మా అమ్మాయిని అక్కా అనేవాడు, నన్ను అమ్మా అనేవాడు. మొదటిరోజు జీపులో ధనుష్కోటి దారిలో ఒక మడుగు దగ్గరకు తీసుకెళ్ళాడు. రెండు ఇసుకదిబ్బల మధ్య మోకాలిలోతు, ఎక్కువంటే నడుములోతు నీళ్ళు. అటు కొట్టుకుపోయినా ఇసుకే, ఇటు కొట్టుకుపోయినా ఇసుకే. నాకు కాస్త ఊపిరాడింది.

మొదటి గంట గాలిపటం బయటికే తియ్యలేదు. ఇసుకలో పుల్లతో గడియారం గీశాడు. గాలికి వీపు పెట్టి నిలబడితే మన నెత్తిమీద పన్నెండు, ఎడమచేతి వైపు తొమ్మిది, కుడిచేతి వైపు మూడు. గాలిపటాన్ని పన్నెండు దగ్గర నిలిపితే ఊరికే ఉంటుంది. తొమ్మిది, మూడు అంచుల్లోనూ పెద్దగా లాగదు. సరిగ్గా ఎదురుగా, గడియారం మధ్యలోకి దించితే మాత్రం ఎద్దులా లాగుతుంది. గాలి వేగం రెండింతలైతే ఆ లాగుడు నాలుగింతలవుతుంది. అందుకే చేతిలో చిన్న యంత్రం పెట్టుకుని గంటగంటకూ గాలిని కొలుస్తాడు. ఆ రోజు 18 నాట్లు. అంటే గంటకు 33 కిలోమీటర్లు. గాలినిబట్టి, మనిషి బరువునుబట్టి గాలిపటం. గాలి పెరిగేకొద్దీ చిన్నది.

రెండో గంటలో నా కళ్ళముందే ఒక విచిత్రం జరిగింది. చేతిలో కడ్డీ ఉంటుందన్నాను కదా. దాన్ని మనవైపు లాక్కుంటే గాలిపటానికి బలం పెరుగుతుంది. వదిలేస్తే కడ్డీ పైకి జారి, గాలిపటం నీరసపడిపోతుంది. భయం వేసినప్పుడు మనిషి చేసేదేమిటి? చేతిలో ఉన్నదాన్ని గట్టిగా పట్టుకోవడం. గట్టిగా పట్టుకుంటే కడ్డీ దగ్గరకు వస్తుంది, దగ్గరకు వస్తే గాలిపటం ఇంకా లాగుతుంది, ఇంకా లాగితే ఇంకా భయం. మా అమ్మాయి చిన్న గాలిపటంతోనే నాలుగుసార్లు ఇసుకలో బోర్లా పడింది. పడినప్పుడల్లా అతను ఒకటే అరుపు: "విడుంగ అక్కా! విడుంగ!"

అరవంలో విడు అంటే వదిలెయ్. తెలుగులోనూ అదే మాట. మా అత్తగారు గొడుగు కింద కూర్చుని వింటూ, "వాడు సరిగానే చెప్తా ఉండాడు, ఇదే వినడం లే," అంది.

నేను ఆ కుర్రాణ్ణి పక్కకు పిలిచి, విడిస్తే సరిపోతుందా, సరిపోకపోతే ఏం చేస్తారు అని అడిగాను. విసుక్కోకుండా చూపించాడు. మొదటిది, కడ్డీ వదలడం. దానికీ లొంగకపోతే కొక్కెం దగ్గర ఎర్రటి పిడి ఉంటుంది, దాన్ని ముందుకు తోస్తే కడ్డీ అంతా నడుము నుంచి ఊడిపోతుంది. గాలిపటం ఒక్క తాడుమీద జెండాలా రెపరెపలాడి చచ్చినట్టు పడిపోతుంది. అప్పటికీ ప్రమాదమైతే ఆ చివరి తాడు కూడా ఊడదీసుకునే ఏర్పాటుంది. గాలిపటం పోతే పోయింది, మనిషి మిగులుతాడు. ఎర్ర పిడిని నా చేత కూడా తోయించాడు. టక్కుమని ఊడింది. మళ్ళీ బిగించి మళ్ళీ తోశాను. పదిసార్లు తోసి ఉంటాను. మావారు నవ్వుతూ ఫొటో తీశారు. ఆ ఫొటో మా అమ్మాయి అందరికీ పంపింది. పంపనీ.

పిల్లల్ని ఇలాంటివాటికి పంపదలుచుకున్న తల్లిదండ్రులకు ఒక మాట. ఈత బాగా వచ్చి ఉండాలి. నేర్పేవాళ్ళకు పట్టా ఉందా, ఆపదలో వెళ్ళడానికి పడవ ఉందా, తలకు టోపీ, ఒంటికి తేలే జాకెట్టు ఇస్తారా, ఇవి అడిగి మరీ డబ్బు కట్టండి. గాలి ఒడ్డునుంచి సముద్రంవైపు వీచేచోట పడవ లేకుండా దిగితే వెనక్కి రావడం ఉండదు. పాత సామాను చవగ్గా వచ్చిందని కొనుక్కుని సొంతంగా నేర్చుకుంటామనే కుర్రాళ్ళను ఇంట్లో కూర్చోబెట్టండి. ఇంకొకటి, ఒంట్లో బాగానే ఉందా అని దూరంనుంచి చెయ్యి ఊపితే లాభంలేదు. అక్కడ అరచేత్తో నడినెత్తిమీద తట్టుకుంటే గాలిపటం దించుకుంటాను, పట్టుకోండి అని. ఇలాంటి సైగలు ఒడ్డున కూర్చునేవాళ్ళు కూడా తెలుసుకోవాలి.

రెండోరోజు పలక లేకుండా నీళ్ళలో బోర్లా పడుకుని గాలిపటం చేత లాగించుకోవడం. ఒక చెయ్యి చుక్కానిలా నీళ్ళలోకి చాపాలి. పలక కాళ్ళనుంచి జారిపోతే ఇలాగే వెళ్ళి తెచ్చుకోవాలట. చూడ్డానికి బాతును తాడు కట్టి ఈడ్చినట్టుంది. అత్తగారి గొడుగు ఆ రోజు ఎగిరి మడుగుకు అవతలివైపు చేరింది. దాన్ని మా అమ్మాయి అలా ఈదుకుంటూ పోయి తెచ్చింది. ఆ రోజు సాధించిన విద్య అదే.

మూడోరోజు మధ్యాహ్నం తొమ్మిది మీటర్ల గాలిపటం, కాళ్ళకు పలక. మొదటి రెండు గంటలూ లేవడం, పడడం. మూడున్నర ప్రాంతంలో అతను నీళ్ళలో ఆమెకు పది అడుగుల దూరంలో ఉన్నాడు. నేను ఒడ్డున. గాలి ఉన్నట్టుండి ఒక ఊపు ఊపింది. నా చెవికి ముందు తెలిసింది, ఎండు తాటాకు చప్పుడు లేకపోయినా. గాలిపటం పన్నెండు దగ్గర్నుంచి ఒక్కసారిగా గడియారం మధ్యలోకి దిగింది. పిల్ల నీళ్ళలోంచి మనిషెత్తు లేచి, దూరంగా పడింది. పడి ఆగలేదు, నీళ్ళమీద ఈడ్చుకుపోతోంది. "విడుంగ!" అన్న అరుపు వినిపించింది. తర్వాత చెప్పారు, నేనూ అరిచానట, విడు, విడు అని. నేనప్పటికే చీరతో నడుములోతు నీళ్ళలో ఉన్నాను.

టక్. అంత గాలిలో ఆ చప్పుడు నాకు వినపడే వీల్లేదు. కానీ గాలిపటం ముడుచుకుని, రెపరెపలాడి, నీళ్ళమీద గుడ్డముక్కలా పడిపోవడం చూశాను. పిల్ల లేచి నిలబడింది. నీళ్ళు ఆమెకు తొడలదాకానే ఉన్నాయి. మోచేతికి ఆల్చిప్ప గీసుకుని నెత్తురు వస్తోంది. దగ్గుతోంది. దగ్గుతూ నావైపు చూసి అరచేత్తో నడినెత్తిమీద తట్టుకుంది.

అంతా కలిపి పదిసెకన్లు కూడా ఉండదన్నారు మావారు. ఉండకపోవచ్చు.

ఆ రాత్రి అమ్మాయి నా పక్కన పడుకుంది. మోచేతి కట్టు చూసుకుంటూ, "అమ్మా, చిన్నతాత గేదెల్ని విప్పడానికి వెళ్ళినప్పుడు ఎవరూ వద్దనలేదా?" అని అడిగింది. ఈ కథ దానికి చిన్నప్పటినుంచీ తెలుసు. ఆ ప్రశ్న మాత్రం ఎప్పుడూ అడగలేదు. అందరూ వద్దన్నారని చెప్పాను. ఆయన, "కట్టేసి ఉంటే చచ్చిపోతాయి వదినా" అని మా అమ్మతో అని వెళ్ళాడని చెప్పాను. ఆ మాట నేను అంతకుముందు ఎవరికీ చెప్పిన గుర్తు లేదు. బయట కొబ్బరాకులు ఒకటే మోత. నేను గడియలు చూడడానికి లేవబోతే, "గడియలు లేవమ్మా, తాటాకు తడిక," అని నవ్వింది.

నాలుగోరోజు పొద్దున్నే యంత్రం 32 నాట్లు చూపించింది, గంటకు దాదాపు 60 కిలోమీటర్లు. "ఇవాళ ఎవ్వరూ దిగొద్దు," అన్నాడు కుర్రాడు. బెంగుళూరునుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు, డబ్బు కట్టామనీ, సెలవు అయిపోతోందనీ, చిన్న గాలిపటం ఇమ్మనీ వాదించారు. అతను గాలిపటాలన్నీ మడిచి సంచుల్లో పెట్టి జిప్పు వేసేశాడు. పదేళ్ళ అనుభవమున్న ఆ ఫ్రెంచి ఆవిడ అప్పటికే ఊయలలో పుస్తకం పట్టుకుని పడుకుంది. ఆ అయిదు రోజుల్లో నాకు అన్నిటికంటే నచ్చిన దృశ్యం అదే. మా అమ్మాయి మాత్రం ముఖం ముడుచుకుంది.

ఖాళీగా ఉన్నాం కదా అని ధనుష్కోటి కొసదాకా వెళ్ళాం. 2017లో వేసిన తారురోడ్డు అరిచల్‌మునై దాకా పోతుంది. రోడ్డుమీదికి ఇసుక పాముల్లా పాకుతోంది. అక్కడినుంచి తలైమన్నారు ముప్పై కిలోమీటర్ల లోపే. ఒకప్పుడు మద్రాసులో రైలెక్కితే ధనుష్కోటిలో దిగి, స్టీమరులో సిలోను వెళ్ళేవారు. స్టేషను, తపాలాఫీసు, చర్చి, కస్టమ్సు ఆఫీసు అన్నీ ఉన్న ఊరు. 1964 డిసెంబరు 22 అర్ధరాత్రి వచ్చిన తుఫానుకు ఆ ఊరంతా పోయింది. పాంబన్ నుంచి వస్తున్న ప్యాసింజరు రైలు స్టేషను చేరకుండానే ఉప్పెనలో కొట్టుకుపోయింది. అందులో వందమందికి పైనే ఉన్నారు. ఆ సమయంలో మన సావిత్రి, జెమినీ గణేశన్ దంపతులు రామేశ్వరంలో చిక్కుకుపోయారని అక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తర్వాత ప్రభుత్వం ఆ చోటు మనుషులు ఉండడానికి పనికిరాదని ప్రకటించింది. విరిగిన పాంబన్ వంతెనను శ్రీధరన్ అనే యువ ఇంజనీరు 46 రోజుల్లో నిలబెట్టాడు. తర్వాత కొంకణ్ రైల్వే కట్టిన శ్రీధరనే.

చర్చి మొండిగోడలు నిలిచే ఉన్నాయి. పగడపురాయితో కట్టినవి, చెయ్యిపెడితే గరుగ్గా తగులుతాయి. దాని నీడలో ఒకామె గవ్వల దండలు అమ్ముతోంది. ఇక్కడెలా ఉంటున్నారమ్మా, గాలంటే భయం లేదా అని అడిగాను నా వచ్చీరాని అరవంలో. ఆమె నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసి, "ఏ గాలి?" అంది. వాడైకి వల ఇటు వేస్తారట, నైరుతికి అటు వేస్తారట, గాలి తిరిగే నెలలో వలలు బాగుచేసుకుంటారట. ఏ గాలి అని అడగకుండా గాలి గురించి ఏం చెబుతారని ఆమె ఉద్దేశం. రెండు దండలు కొన్నాను. బేరమాడలేదు.

అయిదోరోజు పొద్దున్న నాలుగున్నరకే అత్తగారు అందర్నీ లేపింది. అగ్నితీర్థంలో సముద్రస్నానం, మావారి చేత మామగారికి తర్పణం. ఆవిడ ఒడ్డున తడిచీరతో నిలబడి, పిండాలు నీళ్ళలో కలిసేదాకా చూసి, ఇక చాలన్నట్టు వెనక్కి తిరిగింది. తర్వాత గుళ్ళో ఇరవై రెండు బావులు. ఒక్కోచోట బకెట్లతో తోడి నెత్తిన గుమ్మరిస్తారు. సముద్రానికి ఇంత దగ్గర బావుల్లో నీళ్ళు ఒక్కో రుచి. పన్నెండో బావి దగ్గర మా అమ్మాయి, "నాన్నా, మూడు రోజులుగా నేను తాగిన ఉప్పునీళ్ళకు ఇది విరుగుడు," అంది. అత్తగారు విననట్టు నటించింది.

మధ్యాహ్నానికి గాలి 17 నాట్లకు దిగింది. మళ్ళీ మడుగు. అమ్మాయి గాలిపటాన్ని పన్నెండునుంచి కొంచెం ఎడమకు వంచి, ఒక్కసారి కుడికి తిప్పింది. అది నీళ్ళలోంచి పిల్లను కుర్చీలోంచి లేపినట్టు లేపింది. నిలబడింది. పలక కింద నీళ్ళు చీలిన చప్పుడు సర్రుమని వినిపించింది. నేను అంకెలు లెక్కపెట్టాను. పదకొండు దాకా వచ్చాక పడింది. రెండోసారి పంతొమ్మిది. మూడోసారి నేను లెక్క మరిచిపోయాను. కొత్తవాళ్ళకు గాలికి ఎదురు పోవడం రాదు. పోయినంత దూరమూ పలక చంకలో పెట్టుకుని, గాలిపటాన్ని నెత్తిమీద నిలుపుకుని, నీళ్ళలో నడిచి వెనక్కి రావాలి. అలా నడిచి వస్తుంటే చూశాను. కడ్డీని రెండు వేళ్ళతో పట్టుకుంది, కాఫీ గ్లాసు పట్టుకున్నట్టు.

సాయంత్రం సామాన్లు సర్దుతుంటే, జనవరిలో మళ్ళీ వస్తానంది. అప్పుడు వాడై గాలి, మడుగు వేరే వైపట, ఇంకా నున్నగా ఉంటుందట నీళ్ళు. మావారు వెంటనే సరే అన్నారు. నేను ఎన్ని రోజులు, ఎంతవుతుంది అని అడిగాను. అత్తగారు కళ్ళజోడు సర్దుకుని పంచాంగం తీసింది.

"తై అమావాస్యకి దగ్గరగా చూడండి," అంది. "గది ముందే చెప్పి పెట్టండి. ఆ పక్కన దొరకదు."